పిల్లల ముక్కు వెనుక క్యాన్సర్: డెల్టాలో పరీక్షల సేవకు మా మార్కులు

భీమవరం, అమలాపురం, కాకినాడల్లో ముక్కు ఎండోస్కోపీ ఇప్పుడు దొరకని పరీక్షేం కాదు. మత్తు స్ప్రే కొట్టి, చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపితే ఐదు నిమిషాల్లో ముక్కు వెనుక భాగమంతా కనబడుతుంది. పరికరానికి ఐదుకి నాలుగున్నర ఇస్తాం. దాన్ని ఎవరికి, ఎప్పుడు వాడుతున్నారన్నదానికి మాత్రం రెండే.

ముక్కు వెనుక, గొంతు పైభాగంలో వచ్చే ఈ క్యాన్సర్ (నాసోఫారింజియల్ కార్సినోమా) పిల్లల్లో చాలా అరుదు. వచ్చినా ఎక్కువగా పదేళ్లు దాటినవాళ్లకే వస్తుంది. చాలామందిలో ముందు బయటపడేది ముక్కులో కాదు, మెడ మీద: నొప్పి లేని గట్టి బిళ్ల. దానికి తోడు ఒక పక్క ముక్కు దిబ్బడ, ఉమ్మిలో నెత్తుటి చార, ఒక చెవిలోనే నీరు చేరి వినికిడి మందగించడం. దిబ్బడకి ఒక డాక్టరు చుక్కలు రాస్తారు, చెవికి మరొకరు యాంటీబయాటిక్ ఇస్తారు, బిళ్లకి ఇంకొకరు టీబీ కోర్సు మొదలుపెడతారు. మూడు చీటీలూ ఒక బల్ల మీదికి రావు. టీబీని అనుమానించడం తప్పు కాదు, మన దగ్గర అది మామూలే. సూది పరీక్షలో (బిళ్లలోంచి సూదితో కణాలు తీసి చూడటం) రుజువు లేకుండా మందులు వాడి, తగ్గలేదని ఇంకో రెండు నెలలు పొడిగించడమే తప్పు.

అంతకంటే పెద్ద తప్పు బిళ్లని కోసి తీసేయడం. ముందు సూది పరీక్ష, ఆ వెంటనే ఎండోస్కోపీ, అనుమానం ఉన్న చోట నుంచి పరీక్షకి ముక్క తీయడం (బయాప్సీ): అదీ వరుస. ఒక్క మినహాయింపు ఉంది. యుక్తవయసు మగపిల్లాడికి ముక్కు నుంచి ధారగా నెత్తురు పోతుంటే అది యాంజియోఫైబ్రోమా అనే రక్తనాళాల గడ్డ కావచ్చు; క్యాన్సర్ కాదు గానీ, ముక్క తీస్తే నెత్తురు ఆగదు. అక్కడ ముందు స్కాన్; అదేనని స్కాన్‌లో తేలితే బయాప్సీ జోలికి పోకూడదు.

స్కాన్ దగ్గర జరిగే పొరపాటు చిన్నదే, నష్టం మాత్రం పెద్దది. తలనొప్పి అనగానే 'బ్రెయిన్ ఎంఆర్‌ఐ' అని రాస్తారు. ఆ ఫిల్ముల్లో మెడ రాదు. చీటీలో 'పుర్రె అడుగు నుంచి కాలర్ ఎముక దాకా, కాంట్రాస్ట్ (రంగు మందు)తో' అని ఉండాలి.

తీసిన ముక్కని సెలైన్‌లో వేసి పంపితే పాడవుతుంది; పది శాతం ఫార్మలిన్ కావాలి. ఈ కణితిలో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఆ కణాల క్యాన్సరైన లింఫోమా అని పొరబడటం సులువు. ముక్క మీద చేసే సైటోకెరటిన్, ఎబెర్ అనే రంగు పరీక్షలు (స్టెయిన్లు) తేలుస్తాయి. రెండోది ఎప్‌స్టీన్-బార్ వైరస్ జాడ పట్టేది. పిల్లల కేసుల్లో దాదాపు అన్నిట్లో ఆ వైరస్ ఉంటుంది. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా ముక్కని భద్రపరిచిన మైనపు బ్లాకు అడిగి తీసుకోండి. పెద్దాసుపత్రిలో ముందు అడిగేది అదే.

వైద్యం మాత్రం పిల్లల క్యాన్సర్ డాక్టరూ, రేడియేషన్ డాక్టరూ ఒకే చోట ఉన్న ఆసుపత్రిలోనే చేయించాలి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. పిల్లల క్యాన్సర్ పరిశోధనా బృందం చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ పద్ధతిలో సిస్‌ప్లాటిన్, 5-ఎఫ్‌యూ అనే కీమో మందులు మూడు వారాలకోసారి మూడు విడతలు. కణితి తగ్గితే 61.2 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్: రోజుకు 1.8 చొప్పున 34 సార్లు, వారానికి ఐదు రోజులు, సిస్‌ప్లాటిన్ తోడుగా. ఆ పద్ధతిలో ఐదేళ్ల తర్వాత వందకు 89 మంది బతికున్నారు. డెల్టా నుంచి రోజూ వెళ్లొచ్చే దూరం కాదు కాబట్టి ఏడు వారాల బస ముందే చూసుకోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు వెంట ఉంచుకోండి.

రేడియేషన్ ('కరెంటు') పెట్టే ముందు పుచ్చిన పళ్ల సంగతి తేల్చాలి. తర్వాత పీకితే దవడ ఎముక మానకపోవచ్చు. నోరు పూసి తిండి తగ్గుతుంది. బరువు పడిపోతే రేడియేషన్‌లో తల కదలకుండా ముఖానికి బిగించే మాస్కు వదులై గురి తప్పుతుంది, ప్లాన్ మళ్లీ వేయాలి. అందుకే కారం మానేసి జారుగా పప్పన్నం, గుడ్డు. అదీ దిగకపోతే తిండి పంపే ముక్కుగొట్టానికి ఒప్పుకోండి. సిస్‌ప్లాటిన్ ప్రతి విడతకీ ముందు వినికిడి పరీక్ష చేయించాలి, ముందు వినబడకుండా పోయేది కీచుమనే సన్నటి శబ్దాలే. వైద్యం ముగిశాక ఏళ్ల తరబడి థైరాయిడ్ చూపించుకోవాలి. డెల్టా ల్యాబుల్లో థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష బాగానే చేస్తారు, దానికి ఐదుకి ఐదు.