మిర్రర్‌జేడ్: ఖర్చులోనే లాభం దాచుకున్న ఫ్యూజన్ కార్డు

యుగియో అనే కార్డుల ఆటలో ఫ్యూజన్ మాన్‌స్టర్ (ఇతర మాన్‌స్టర్ కార్డులను కలిపి దించే కార్డు) అనగానే పాత ఆటగాళ్ల మనసులో బలం కన్నా ముందు మెదిలేది నష్టం. కలపడానికి పాలిమరైజేషన్ అనే స్పెల్ కార్డు ఒకటి చేతిలో ఉండాలి, దానితోపాటు కలపవలసిన మాన్‌స్టర్లూ ఉండాలి; మూడు బ్లూ ఐస్ వైట్ డ్రాగన్లను కలిపి 4500 అటాక్ గల అల్టిమేట్ డ్రాగన్‌ను దించితే నాలుగు కార్డులు ఖర్చయి ఒక్కటి మిగిలేది, ఆ ఒక్కదానిని ఎదుటివాడు ఒకే ఒక ట్రాప్ కార్డుతో (బోర్లా పెట్టి అదను చూసి తెరిచే కార్డు) పడగొడితే చేతిలో ఏమీ ఉండేది కాదు. ఏ కొత్త ఫ్యూజన్ కార్డును చూసినా నేను మొదట అడిగే ప్రశ్న అందుకే ఒక్కటే: దీని కోసం ఎన్ని కార్డులు పోతాయి, అవి పోయాక ఎన్ని తిరిగి వస్తాయి? మిర్రర్‌జేడ్ ది ఐస్‌బ్లేడ్ డ్రాగన్ ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబు నేను చూసిన ఫ్యూజన్ కార్డులన్నింటిలోనూ తెలివైనది. 2021లో బర్స్ట్ ఆఫ్ డెస్టినీ అనే సెట్‌లో వెలువడిన ఈ కార్డు హన్మకొండ, కాజీపేట ప్రాంతాలలో ఆడే మా బోటివారి డెక్కులలోకి కొంత ఆలస్యంగానే చేరింది కాబట్టి, ఇక్కడి ఆటగాళ్లను దృష్టిలో ఉంచుకొని దీనిని పరిశీలిస్తున్నాను.

కార్డు మీది వివరాలు ఇవి. ఎనిమిదవ లెవెల్, డార్క్ ఆట్రిబ్యూట్, డ్రాగన్ జాతి, అటాక్ 3000, డిఫెన్స్ 2500. కలపవలసినవి ఫాలెన్ ఆఫ్ ఆల్బాజ్ అనే నిర్దిష్టమైన మాన్‌స్టర్ ఒకటి, ఫ్యూజన్, సింక్రో, ఎక్సీజ్, లింక్ అనే ప్రత్యేక రకాలలో దేనికైనా చెందిన మాన్‌స్టర్ ఒకటి. ఒక ఆటగాడి వైపు ఒకే సమయంలో ఒక్క మిర్రర్‌జేడ్ మాత్రమే ఉండాలి. 3000 అటాక్ అనేది ఈ రోజుల్లో ఎవరినీ భయపెట్టే అంకె కాదు. ఈ కార్డు విలువ అక్కడ లేదు.

అసలు విలువ మొదటి ఎఫెక్ట్‌లో ఉంది. ఎవరి టర్న్‌లోనైనా ఒకసారి, ఎక్స్‌ట్రా డెక్ (ఇలాంటి ప్రత్యేక మాన్‌స్టర్లను విడిగా ఉంచుకునే దొంతర) నుంచి ఆల్బాజ్ పేరును తన మెటీరియల్‌గా, అంటే కలపవలసిన కార్డుగా, పేర్కొన్న మరొక ఫ్యూజన్ మాన్‌స్టర్‌ను గ్రేవ్‌యార్డ్‌కు (వాడేసిన కార్డుల కుప్పకు) పంపి, ఫీల్డ్ మీది ఒక మాన్‌స్టర్‌ను బానిష్ చేయవచ్చు, అంటే ఆట నుంచే తీసి పక్కన పెట్టవచ్చు. ఇది టార్గెట్ చేయని (ముందుగా ఒక కార్డును గురిగా ఎంచుకోని) ఎఫెక్ట్ కాబట్టి టార్గెట్ నుంచి రక్షణ ఉన్న మాన్‌స్టర్ కూడా దీనికి చిక్కుతుంది. డిస్ట్రాయ్ చేయడం (ధ్వంసం చేసి గ్రేవ్‌యార్డ్‌కు పంపడం) కాదు కాబట్టి డిస్ట్రాయ్ కాని మాన్‌స్టర్ కూడా తప్పించుకోలేదు. పైగా ఏ మాన్‌స్టర్ పోతుందో చెయిన్ (ఒకదానికి జవాబుగా ఒకటి వేసిన ఎఫెక్టుల వరుస) పరిష్కారమయ్యే వరకు తేలదు కాబట్టి, అడ్డుకోవాలా వద్దా అన్నది ఎదుటి ఆటగాడు చీకటిలోనే నిర్ణయించుకోవాలి. ఇతర కార్డుల ఎఫెక్టులేవీ అంటని మాన్‌స్టర్ల మీద మాత్రం ఇది పనిచేయదు.

ఇక్కడే ఈ కార్డును రూపొందించినవారి నేర్పు కనిపిస్తుంది. ఎక్స్‌ట్రా డెక్ నుంచి పంపడం అనేది ఎఫెక్ట్‌లో భాగం కాదు, దానికి ముందు చెల్లించే కాస్ట్. ఎదుటివాడు ఇన్‌ఫినిట్ ఇంపర్మనెన్స్ అనే ట్రాప్ వేసి ఎఫెక్ట్‌ను నెగేట్ చేసినా (పనిచేయకుండా ఆపినా), చెల్లించిన కార్డు అప్పటికే గ్రేవ్‌యార్డ్‌లో ఉంటుంది. అది అక్కడ ఖాళీగా కూర్చోదు. ఆల్బియన్ ది బ్రాండెడ్ డ్రాగన్‌ను పంపితే ఆ టర్న్ ఎండ్ ఫేజ్‌లో (టర్న్ చివరి దశలో) డెక్ నుంచి పేరులో బ్రాండెడ్ ఉన్న ఒక స్పెల్ లేదా ట్రాప్ దొరుకుతుంది. టైటానిక్లాడ్ ది యాష్ డ్రాగన్‌ను పంపితే ఎండ్ ఫేజ్‌లో ఆల్బాజ్ డెక్ నుంచి నేరుగా ఫీల్డ్ మీదికి దిగుతుంది. కాస్ట్ అంటే నష్టం అని అలవాటు పడ్డ ఆటలో కాస్ట్ చెల్లించడానికే ఎఫెక్ట్ వాడాలనిపించడం అరుదు. బానిష్ చేయడానికి పెద్దగా ఏమీ లేకపోయినా, కేవలం టైటానిక్లాడ్‌ను కిందికి దించడానికి మిర్రర్‌జేడ్‌ను వాడిన సందర్భాలు మా ఆటలలో తరచుగా కనిపిస్తాయి.

టైటానిక్లాడ్ దారిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా ఆడేవారు దీనినే వదిలేస్తున్నారు. ఆల్బాజ్ ఫీల్డ్ మీదికి దిగితే, చేతిలోని ఒక కార్డును డిస్కార్డ్ చేసి (పారేసి), తనను, ఎదుటివాడి మాన్‌స్టర్లను కలిపి ఫ్యూజన్ చేయగలదు. అంటే ఎదుటివాడు తన టర్న్‌లో కష్టపడి కట్టుకున్న మాన్‌స్టర్లలో ఒకటి మిర్రర్‌జేడ్ బానిష్‌తో పోతుంది, అదే టర్న్ ఎండ్ ఫేజ్‌లో మరొకటి ఆల్బాజ్‌తో కలిసి మన డ్రాగన్‌గా మారిపోతుంది. అయితే మొదటి మిర్రర్‌జేడ్ ఫీల్డ్ మీదే ఉంటే రెండవదానిని పిలవలేము కాబట్టి ఎదుటి మాన్‌స్టర్ లక్షణాన్ని బట్టి వేరే డ్రాగన్ సిద్ధంగా ఉండాలి: అది లైట్ అయితే ఆల్బియన్, డార్క్ అయితే లుబెలియన్, దాని అటాక్ 2500 లేదా అంతకు మించి ఉంటే మరొక టైటానిక్లాడ్. ఇవన్నీ పెట్టుకోకుండా మిర్రర్‌జేడ్ ఒక్కటే పెట్టుకొని కార్డు బాగాలేదనే వారి మాటను నేను లెక్కలోకి తీసుకోను.

రెండవ ఎఫెక్ట్ బెదిరింపు వంటిది. ఫ్యూజన్ సమన్ అయిన (ఫ్యూజన్ పద్ధతిలోనే దిగిన) మిర్రర్‌జేడ్ ఎదుటివాడి కార్డు వల్ల ఫీల్డ్ విడిచి వెళితే, ఆ టర్న్ ఎండ్ ఫేజ్‌లో ఎదుటివాడి మాన్‌స్టర్లన్నింటినీ డిస్ట్రాయ్ చేయవచ్చు. ఎదుటి ఆటగాడు తన టర్న్‌లో దీనిని తొలగించాలంటే, ఆ టర్న్‌లో తాను దించినవన్నీ చివరికి పోతాయని తెలిసి తొలగించాలి. తొలగించకపోతే బానిష్ ముప్పు నెత్తి మీదే ఉంటుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు ఉంటుంది అతని పరిస్థితి. మాతో ఆడే ఒక కుర్రవాడు కొత్తవారికి ఇచ్చే సలహా ఇదే: "అన్నా, దాన్ని ముట్టకు, దాని పాటికి దాన్ని ఉండనియ్యి." ఆ సలహా సగమే సరైనది. ఒక చిన్న మాన్‌స్టర్‌ను ఎరగా వేసి బానిష్‌ను ముందే వాడించి, ఆ తరువాత మిర్రర్‌జేడ్‌ను తొలగించి అదే టర్న్‌లో 8000 లైఫ్ పాయింట్లనూ లాగేసుకోగల డెక్ ఉన్నవారికి ఎండ్ ఫేజ్ అంటే భయం ఉండదు. గ్రేవ్‌యార్డ్‌కు వెళ్లిన మిర్రర్‌జేడ్ తన ఎఫెక్ట్ మొదలుపెట్టినప్పుడు కాల్డ్ బై ది గ్రేవ్ అనే స్పెల్ వేసి దానిని ఆపినా ఈ ముప్పు తప్పుతుంది.

లోపాలు కొట్టిపారేయదగ్గవి కావు. బానిష్ ఎఫెక్ట్ వాడిన తరువాతి టర్న్‌లో అదే కార్డు దానిని మళ్లీ వాడలేదు. ఎదుటివాడి టర్న్‌లో వాడితే మన టర్న్‌లో అది ఊరికే 3000 అటాక్ గల డ్రాగన్. మన టర్న్‌లో తొందరపడి వాడితే ఎదుటివాడి టర్న్‌లో కాపలా లేనట్టే. అత్యవసరం లేనప్పుడు ఎదుటివాడి టర్న్ కోసం దాచుకోవడమే మంచిదని నా అభిప్రాయం, దానికి ఇంకొక కారణం కూడా ఉంది: మాన్‌స్టర్ ఎఫెక్ట్‌ను నెగేట్ చేసే ఎఫెక్ట్ వీలర్ కార్డును ఎవరైనా తన ప్రత్యర్థి టర్న్‌లోని మెయిన్ ఫేజ్‌లోనే వాడాలి కాబట్టి, అతని సొంత టర్న్‌లో మన మిర్రర్‌జేడ్‌ను అతను వీలర్‌తో ఆపలేడు. మాక్రో కాస్మోస్ వంటి కార్డు ఫీల్డ్ మీద ఉండి గ్రేవ్‌యార్డ్‌కు వెళ్లేవన్నీ బానిష్ అవుతుంటే కాస్ట్ చెల్లించడమే కుదరదు. మరొక చిక్కు ఉంది, అరుదైనదే కానీ తగిలినప్పుడు గట్టిగా తగులుతుంది: ఎదుటివాడు తన ఒకే ఒక మాన్‌స్టర్‌ను చెయిన్‌లో తానే ట్రిబ్యూట్ చేసుకుంటే (మరొక కార్డు కోసం బలిగా ఇచ్చేస్తే), పరిష్కార సమయానికి ఫీల్డ్ మీద మనవి మాత్రమే మిగులుతాయి, అప్పుడు మన మాన్‌స్టర్‌నే బానిష్ చేయాల్సి వస్తుంది. మన ఎఫెక్ట్ వల్లనే మిర్రర్‌జేడ్ వెళితే రెండవ ఎఫెక్ట్ కూడా రాదు.

దీనిని ఫీల్డ్ మీదికి తెచ్చే దారి బ్రాండెడ్ ఫ్యూజన్ స్పెల్ మీద ఎక్కువగా ఆధారపడి ఉంది. ఆ స్పెల్ డెక్‌లోని మాన్‌స్టర్లను కూడా మెటీరియల్‌గా వాడుకోనిస్తుంది. డెక్ నుంచి ఆల్బాజ్‌ను, మరొక డార్క్ మాన్‌స్టర్‌ను పంపి లుబెలియన్‌ను తెచ్చి, దాని ఎఫెక్ట్‌తో ఒక కార్డు డిస్కార్డ్ చేసి, గ్రేవ్‌యార్డ్‌లోని ఆల్బాజ్‌ను, లుబెలియన్‌ను డెక్‌లో కలిపి మిర్రర్‌జేడ్‌ను పిలవడం సాధారణమైన పద్ధతి. పాత అల్టిమేట్ డ్రాగన్ లెక్కతో పోల్చి చూస్తే చేతి నుంచి పోయేవి రెండే కార్డులు, పైగా ఆల్బాజ్ మళ్లీ డెక్‌లోకే చేరుతుంది. కానీ ఎదుటివాడు చేతిలోని యాష్ బ్లాసమ్ అనే కార్డుతో ఆ ఒక్క స్పెల్‌ను ఆపితే మొత్తం పథకం చెదిరిపోతుంది, పైగా ఆ స్పెల్ వాడిన టర్న్‌లో ఎక్స్‌ట్రా డెక్ నుంచి ఫ్యూజన్లు తప్ప మరేవీ పిలవకూడదు. ఎక్స్‌ట్రా డెక్‌కు ఉన్న 15 కార్డుల పరిమితిలో సగానికి పైగా ఈ డ్రాగన్లకే పోతుంది. హీరో డెక్ ఆడేవారు, బ్లూ ఐస్ డెక్ ఆడేవారు ఈ కార్డును చూసి ఆశపడనవసరం లేదు. ఆల్బాజ్ లేని డెక్‌లో దీనికి చోటు లేదు.

వరంగల్‌లో ఈ కార్డును సంపాదించడం గురించి కూడా చెప్పాలి. ఇక్కడ బొమ్మల దుకాణాలలో, ఫ్యాన్సీ దుకాణాలలో చవకగా దొరికే పొట్లాలలో అసలు కార్డులు ఉంటాయని ఆశించకూడదు. వాటి అచ్చు మసకగా, అక్షరాలు తప్పులతో ఉంటాయి. అసలైన ఇంగ్లిష్ కార్డుకు కుడివైపు దిగువ మూలన చిన్న మెరిసే చతురస్ర ముద్ర ఉంటుంది, అది లేకపోతే కొనవద్దు. బయటి నుంచి తెప్పించుకుంటే కార్డు ధర కన్నా రవాణా ఖర్చు, సుంకం ఎక్కువయ్యే అవకాశం ఉంది కాబట్టి, పోటీలకు వెళ్లే ఉద్దేశం లేనివారు కాగితం కార్డు కోసం అంత పెట్టడం నాకు సమంజసంగా అనిపించదు. ఇంట్లో స్నేహితులతో ఆడుకోవడానికి రంగుల జిరాక్సు తీసి మామూలు కార్డు ముందు పెట్టి ప్లాస్టిక్ కవర్‌లో తొడిగినా ఆట ఆగదు. 2022 జనవరిలో వచ్చిన మాస్టర్ డ్యూయల్ అనే యుగియో వీడియో గేమ్‌ను ఫోన్‌లోనూ ఉచితంగా ఆడవచ్చు, మా వైపు కుర్రవాళ్లలో ఎక్కువమంది ఈ కార్డును మొదట కలుసుకునేది అందులోనే.

మాస్టర్ డ్యూయల్‌లో ఇది అల్ట్రా రేర్ (అత్యంత అరుదైన స్థాయి) కాబట్టి తయారు చేసుకోవడానికి 30 పాయింట్లు కావాలి, అదే స్థాయిలో ప్రత్యేక మెరుపు లేని మామూలు కార్డు ఒకటి పగలగొడితే (పాయింట్లుగా మార్చుకుంటే) 10 మాత్రమే వస్తాయి. అంటే ఒక మిర్రర్‌జేడ్ కోసం మూడు అల్ట్రా రేర్లు త్యాగం చేయాలి. కొత్తవారు ముందుగా బ్రాండెడ్ ఫ్యూజన్ తయారు చేసుకోవాలి, అయితే ఆ నెల నిషేధ జాబితాలో దానికి ఎన్ని కాపీలకు అనుమతి ఉందో చూసుకున్న తరువాతే. ఆ పైన మిర్రర్‌జేడ్ ఒకటి చేసుకొని కొన్నాళ్లు ఆడాలి. ఒకటి ఫీల్డ్ విడిచిన తరువాత ఆల్బాజ్‌తో ఎదుటివాడి లింక్ మాన్‌స్టర్‌ను కలిపి మళ్లీ పిలిచే అవకాశం చాలా ఆటలలో వస్తుంది కాబట్టి రెండవ కాపీ తప్పక అవసరం పడుతుంది. మూడవదానికి నేను ఒప్పుకోను: ఫీల్డ్ మీద ఒకటే ఉండాలన్న నిబంధన ఉండగా మూడవది ఎక్స్‌ట్రా డెక్‌లో చోటు తినడం తప్ప చేసేదేమీ లేదు, ఆ చోటులో రెండవ టైటానిక్లాడ్ ఉంటే ప్రతి బానిష్‌కూ ఒక ఆల్బాజ్ తోడవుతుంది.