కల్సూబాయి ఎక్కాలంటే భండార్‌దరాలో గది తీసుకోకండి

మహారాష్ట్రలో ఉన్న కల్సూబాయి కొండకి వెళ్దామనుకునేవాళ్లకి ముందే చెప్తున్నాను. ఆ కొండకి దగ్గర్లోని భండార్‌దరాలో "లేక్ వ్యూ రూమ్" అంటూ వాట్సాప్‌లో ఎవరైనా ఫొటోలు పంపిస్తే డబ్బులు కట్టేయకండి.

మేం ముగ్గురం. నేను, మా ఆవిడ, ఠాణేలో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది. గది 3,200. మూడో మనిషికి పరుపు 800. ఆ పరుపు చెమ్మ వాసన కొడుతోంది, దుప్పటి అడిగితే ఇంకో వంద అన్నారు. కిటికీ తెరిస్తే ఎదురుగా సిమెంటు నీళ్ల ట్యాంకు. చెరువేదయ్యా అంటే మేడ మీద నుంచి బాగా కనిపిస్తుందన్నాడు కుర్రాడు. మేడ తలుపుకేమో తాళం! 1926లో కట్టడం పూర్తయిన విల్సన్ డ్యామ్, దాని వెనక అంత పెద్ద ఆర్థర్ లేక్ ఉన్న ఊళ్లో మేం చూసింది ఆ ట్యాంకుని. వేడినీళ్లు బకెట్ 50.

అదీ సర్దుకునేవాళ్లమే. ఎండ ముదరకముందే పైకి చేరాలని, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతామని రాత్రే రెండుసార్లు చెప్పాం. సరేనన్నారు. నాలుగింటికి వస్తే గేటుకి తాళం. వాచ్‌మన్ లేడు, మేనేజర్ ఫోన్ స్విచాఫ్. బయట జీపువాడు హారన్ కొడుతున్నాడు, లోపల మేం. ఆరున్నరకి తాళం చెవి వచ్చింది. వచ్చినవాడు సారీ చెప్పకపోగా జీపు పార్కింగ్ వంద రాశాడు బిల్లులో. రాత్రంతా రోడ్డు మీదున్న జీపుకి పార్కింగేమిటని మా బావమరిది మరాఠీలో గొడవకి దిగాడు. "ఒరేయ్, ఆ వంద వాడి మొహాన కొట్టి రారా, ఎండెక్కుతోంది" అని వాళ్లక్క కేకేస్తే గానీ కదల్లేదు.

కొండ కిందున్న బారి ఊరు చేరి నడక మొదలుపెట్టేసరికి ఏడున్నర. కల్సూబాయి ఎత్తు 1,646 మీటర్లు, మహారాష్ట్రలో ఇంతకు మించిన కొండ లేదు. అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్లినవాళ్లకి ఊపిరి సరిపోతుంది. కాకపోతే అక్కడ నెత్తిన కప్పు ఉంటుంది, ఇక్కడ నీడే తక్కువ. పొలాలు దాటితే రాతిమెట్లు, ఆపైన నిట్రంగా ఉన్న బండలకి ఇనుప నిచ్చెనలు. వేలమంది కాళ్లు పడి మెట్ల ఇనుము మధ్యలో నున్నగా మెరుస్తోంది, షూ అడుగు అరిగిపోయి ఉంటే జర్రున జారుతుంది. నిచ్చెన మీద మా ఆవిడ కిందికి చూడనని ఒట్టేసుకుని ఎక్కింది. మా బావమరిదికి మాత్రం సగం కొండ వరకూ ఆ వంద రూపాయల బాధే. "బావా, రివ్యూ రాస్తాను, వదిలిపెట్టను" అంటూ ఆయాసపడుతున్నాడు.

దారి పొడుగునా బారి వాళ్ల చిన్న చిన్న పాకలున్నాయి. నిమ్మరసం 30, నీళ్ల సీసా 40. బేరమాడకండి. ఆ సీసాల మూట నెత్తిన పెట్టుకుని నిచ్చెనెక్కుతున్న ముసలాయన్ని చూశాక మాకు నోరు రాలేదు. కోతులున్నాయి, చేతిలో కవరు కనబడితే లాక్కుపోతాయి.

శిఖరం మీద కల్సూబాయి అమ్మవారి గుడి ఉంది, చాలా చిన్నది. అమ్మవారు ఒకప్పుడు ఎవరింట్లోనో పనికి కుదిరిన పిల్లట. అంట్లు తోమను, చీపురు పట్టను అని ముందే షరతు పెట్టిందట. మాట తప్పి తోమమనేసరికి కొండెక్కి కూర్చుందని కథ. విని మా ఆవిడ దండం పెట్టుకుని, "ఈ దేవత నాకు నచ్చింది" అంది నా వైపు చూస్తూ. అలంగ్, మదన్, కులంగ్ కోటలు వరసగా కనిపించాయి. ఎక్కడానికి మూడు గంటలు, దిగడానికి రెండున్నర. మోకాళ్లకి అసలు పరీక్ష దిగేటప్పుడే.

కింద బారిలో ఓ ఇంటి వసారాలో భోజనం. ఒక్కొక్కరికి 150, ఎంత తింటే అంత. భాకరీ, అంటే రాగిపిండి రొట్టె, పొయ్యి మీంచి నేరుగా పళ్లెంలోకి వస్తోంది. పిఠ్లా అంటే మన బొంబాయి చట్నీకి పెద్దన్న అనుకోండి, ఇంకాస్త చిక్కగా, వెల్లుల్లి దట్టించి ఉంటుంది. పక్కన రోట్లో దంచిన పచ్చిమిర్చి ఠేచా. గుంటూరువాణ్ణని చెప్పుకుని రెండోసారి వేయించుకున్నాను, కళ్లలో నీళ్లొచ్చాయి, అయినా మూడోసారీ అడిగాను. మా బావమరిది నాలుగు భాకరీల తర్వాత గానీ తలెత్తలేదు, రివ్యూ మాటే మర్చిపోయాడు. అదే ఇంట్లో రాత్రి పడుకోవడానికి మనిషికి 300 అట, తెల్లవారుజామున మూడింటికి లేపి టీ కూడా ఇస్తారట. గేటే లేదు, ఇక తాళం ఎక్కడిది!

ముంబయి వైపు నుంచైతే కసారా వరకూ లోకల్ రైలు, అక్కణ్ణుంచి జీపు. హైదరాబాద్ వాళ్లు దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నాసిక్ రోడ్‌లో దిగి ఘోటీ మీదుగా రావచ్చు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. వానాకాలం శని, ఆదివారాలు మాత్రం వద్దు, నిచ్చెనల దగ్గర క్యూ కడతారు, పైకెళ్తే పొగమంచు తప్ప ఏమీ కనబడదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న షూ, టోపీ తప్పనిసరి. గది డబ్బులు మాత్రం బారిలో ఆ ఇంటివాళ్లకే ఇవ్వండి.