ఉక్కపోతలో టమాటాకు గుడ్డ గ్రో బ్యాగ్: వేరుకు మేలు, పూతకు కాదు

వాన వెలిసిన గంటకు ప్లాస్టిక్ కుండీలో వేలు పెట్టి చూడండి, లోపలంతా బురదే. పక్కనున్న గుడ్డ బ్యాగులో మట్టి తడిగా ఉంటుంది గానీ నీళ్లు నిలవవు. ఎండా ఉక్కా కలిసిన చోట టమాటా పెంచేవాళ్లు ఈ ఒక్క గుణం కోసమే వీటిని కొనొచ్చు. టమాటా వేరుకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. ఈ బ్యాగు అంచుదాకా వచ్చిన వేరు కొస గాలి తగిలి అక్కడే ఆగిపోతుంది, వెనకనుంచి పిల్లవేళ్లు పుడతాయి. పంటయ్యాక బ్యాగు తిరగేస్తే వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉండవు, మట్టంతా అల్లుకుని ఉంటాయి.

సైజు దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. 12 అంగుళాలది మిర్చికి సరిపోతుంది, టమాటాకు చాలదు. 15 అంగుళాల ఎత్తు, అంతే వెడల్పు ఉన్నది తీసుకుంటే దాదాపు 40 లీటర్ల మట్టి పడుతుంది, మొక్కకి ఒక బ్యాగు లెక్క. గోడ మెత్తన కాబట్టి లోపల గుచ్చిన కర్ర నిలబడదు, గాలొస్తే కర్రతో సహా మొక్క వాలిపోతుంది. పైనుంచి తాడు వేలాడదీసి కట్టడమే నయం.

అసలు తిప్పలు ఎండాకాలంలో. నీళ్లు తొందరగా దిగిపోవడమే కాదు, పక్కలనుంచి కూడా ఆరిపోతాయి. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి ఉండవు. ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచేస్తే కాయ అడుగున నల్లటి, అణిగిన మచ్చ వస్తుంది. అది పురుగూ కాదు, తెగులూ కాదు. నీటి హెచ్చుతగ్గుల వల్ల కాల్షియం కాయదాకా అందక వచ్చే కుళ్లు. గుడ్డు పెంకులు నలిపి వేయమని చెప్పేవాళ్లు ఎక్కడ చూసినా ఉంటారు. ఆ పెంకు కరిగేసరికి పంటే అయిపోతుంది. పైన మూడు వేళ్ల మందాన ఎండుటాకులు పరిచి, ఎండ ముదిరినప్పుడు రెండు పూటలా నీళ్లు పోస్తే చాలు.

అట్ట మీద 'దిగుబడి రెట్టింపు' అని రాశారు చూశారా, అక్కడే నాకు ఒళ్లు మండింది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 దగ్గరే ఉంటే పుప్పొడిలో బలం ఉండదు. గాల్లో తేమ ఎక్కువైతే అది అంటుకుపోయి రాలదు. దీనికి బ్యాగేం చేస్తుంది? పువ్వు కాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది. అది పసుపెక్కిందంటే ఆ పువ్వు ఇక రాలిపోతుందని లెక్క. పొద్దున మంచు ఆరాక పూగుత్తిని వేలితో మెల్లగా తట్టండి, కొన్నైనా పిందె కడతాయి. పెద్ద కాయ రకాలకంటే చెర్రీ టమాటా ఈ వేడిని బాగా ఓర్చుకుంటుంది.

ఆకులు పచ్చగా ఉండగానే మొక్క నిలువునా వాడిపోతే బ్యాక్టీరియా తెగులేమో చూసుకోండి. మొదలు దగ్గర కాండం కోసి గ్లాసు మంచినీళ్లలో వేలాడదీస్తే, కాసేపటికి పాలలాంటి తెల్లటి తీగలు కిందికి జారతాయి. అలా జారితే ఆ మట్టిలో మళ్లీ టమాటా, వంకాయ, మిర్చి వేయకూడదు. ఇక్కడ మాత్రం బ్యాగుకు పూర్తి మార్కులు. మొక్కనీ మట్టినీ బ్యాగుతో సహా తీసేస్తే పక్క మొక్కలు బతుకుతాయి. కాకపోతే బ్యాగులన్నీ ఒకదాని నీరు ఇంకోదానికి పారకుండా ముందునుంచే ఇటుకల మీద ఎత్తుగా పెట్టి ఉండాలి.

నాణ్యత సంగతికొస్తే, గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది. పిడి కుట్టే నాసిరకం, తడిమట్టితో ఎత్తగానే ఒకవైపు ఊడింది. పిడి పట్టీ పైఅంచుకే కాకుండా అడుగుదాకా కుట్టి ఉన్నవి కూడా దొరుకుతాయి. మళ్లీ కొంటే అవే కొంటాను. అయిదుకి మూడున్నర.