తలకోనకు దసరాకా, కార్తీకానికా?

తిరుపతిలో మా ఇంట్లో ఏటా బడులకు దసరా సెలవులివ్వగానే "తలకోన జలపాతానికి పోదామా?" అన్న మాట లేస్తుంది. నేనేమో కార్తీకం దాకా ఆగమంటాను. రెండు కాలాల్లోనూ పోయి వచ్చాను కాబట్టి ఎవరికి ఏది మేలో చెబుతాను.

పంచాంగం ప్రకారం ఆశ్వయుజ, కార్తీకాలు శరదృతువు. వానలు వెలిసి ఆకాశం తేటపడే కాలమని చదువుకున్నాం. తలకోన ఉన్న శేషాచలం కొండల్లో అలా ఉండదు. అక్టోబరు రెండో సగం నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఇక్కడ గట్టిగా పడతాయి. ఆకులు రాలేది కూడా ఇప్పుడు కాదు, ఎండ ముదిరే మాఘ ఫాల్గుణాల్లో. 1989లో ప్రకటించిన మన శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కులో శరత్తు అంటే పచ్చదనం, నీళ్లు. దసరాకూ కార్తీకానికీ తేడా అంతా ఆ నీళ్లలోనే ఉంది.

తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు. రాష్ట్రంలో ఇంతకంటే ఎత్తయినది లేదు. దసరా రోజుల్లో ధార మరీ ఉధృతంగా ఉండదు. అంతకుముందు వానలు సరిగా పడని ఏడాది సన్నగా జారుతుంది కూడా. స్నానానికి వచ్చేవాళ్లకు అదే అనుకూలం. మా అమ్మ మోకాళ్ల నొప్పితోనే రాళ్ల దారి ఎక్కి, "ఇంత దూరం వచ్చి తలకు నీళ్లు తగలకుండా పోతామా?" అని ధార అంచున నిలబడింది. పది నిమిషాలు పిలిచినా రాలేదు. కార్తీకంలో అయితే ఆమెను అంత దగ్గరికి పోనిచ్చేవాణ్ణి కాదు.

దసరాతో ఇబ్బంది జనం. తమిళులకు అది పెరటాసి నెల, తిరుమల కిటకిటలాడుతుంది. బ్రహ్మోత్సవాలూ అప్పుడే. ఊళ్లో కారు కావాలన్నా, బయటి చుట్టాలకు రూము కావాలన్నా టెన్షనే. తలకోనలోనూ జలపాతం కింది గుంట చుట్టూ అరుపులు, పాటలు. ఆ గోలలో అడవి వినిపించదు. అడవి కోసం పోయేవాడికి అంతకంటే నష్టం ఏముంది?

కార్తీకంలో పోయింది ఒక మంగళవారం. సోమవారం సిద్ధేశ్వరస్వామి గుడికి భక్తులు, ఆదివారం వనభోజనాలు, అందుకే ఆ రోజు ఎంచుకున్నాం. శ్రీనివాసమంగాపురం మీదుగా భాకరాపేట, నెరబైలు దాటి పోయాం. గుడి దగ్గర దిగి నడుస్తుంటే జలపాతం కనపడకముందే హోరు వినిపించింది. చెట్ల మధ్య గిల్లతీగ మనిషి నడుమంత లావున మెలికలు తిరిగి పైకి పాకింది. దాని కాయ మూర పొడవు దాటుతుంది. పిల్లవాడు కింద పడ్డ గింజ ఒకటి అరచేతిలో పెట్టుకుంటే అరచేయి నిండిపోయింది.

నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నది ఇంకొకటి. దారి పక్కన వాలుగా ఉన్న ఒక పెద్ద బండ కింద, తడి తగలని చోట, బొట్లు పెట్టినట్టు తెల్లటి గుండ్రని మచ్చలు. వంగి చూస్తే రాతికి అతుక్కుపోయిన ఖాళీ గుడ్డు పెంకులు. మాతో వచ్చిన ఊరి మనిషి "బంగారు బల్లివి సార్" అన్నాడు. చాలా బల్లులు ఒకే బండకు వచ్చి గుడ్లు అతికిస్తాయట. తూర్పు కనుమల్లో తప్ప దొరకని జీవి అది. బల్లి కనపడలేదు, పెంకుల దగ్గరే మేము అరగంట కూర్చున్నాం. జనం తోసుకుంటూ నడిచే రోజు ఆ బండ వైపు ఎవరు వంగుతారు?

అలాగని కార్తీకాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే లెక్క మారిపోతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి, తిరుమల నడక దారీ ఘాట్ రోడ్డూ దెబ్బతిన్నాయి. అలాంటి వారంలో కొండకోనల వైపు చూడనే వద్దు. నీళ్లు పైనుంచి ఎప్పుడు విరుచుకుపడేదీ కింద ఉన్నవాళ్లకు తెలియదు. వాన తెరిపిచ్చి రెండు మూడు రోజులైనాక, అది కూడా జలపాతం దగ్గరికి రానిస్తున్నారో లేదో కనుక్కుని బయల్దేరండి. పాకుడు పట్టిన రాళ్ల మీద చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. తిండి స్టీలు క్యారియర్లో మూత బిగించి పెట్టుకోండి, కోతులు కవర్లను వదలవు. ప్లాస్టిక్ అక్కడ పారేయకండి, దయచేసి.

పలమనేరు వైపు వాళ్లకు ఇంత దూరం అక్కర్లేదు, కైగల్ జలపాతం దగ్గర. అక్కడి కౌండిన్య అడవిలో ఏనుగులుంటాయి కాబట్టి పొద్దుగూకేలోపు వెనక్కి రావాలి.

చిన్నపిల్లలుండి, స్నానమే ముఖ్యమైతే దసరా సెలవుల్లో వారం మధ్యలో పోండి. అడవిని చూడాలనుకుంటే నా ఓటు కార్తీకం రెండో పక్షానికే. ఈ ఏడు మా ఇంట్లో రాజీ కుదిరింది. దసరాకు అమ్మను నారాయణవనం దగ్గరి కైలాసకోనకు తీసుకుపోతాం. అక్కడ ధార తలకోనంత ఎత్తు కాదు, ఏడాది పొడవునా పడుతుంది, ఆమె తృప్తిగా తల తడుపుకోవచ్చు. తలకోన కార్తీకానికి. పిల్లవాడు ఆ బండ గుర్తుందంటున్నాడు, ఈసారి టార్చి తెస్తాడట.