విజయనగరంలో పండగ సాయంత్రాలు: ఎక్కడ దిగాలి, ఏ వేదిక ముందు కూర్చోవాలి

విజయనగరం గ్రామదేవత పైడితల్లమ్మ పండగకి వెళ్లేవాళ్లకి ముందుగా ఒక మాట. బస విశాఖపట్నంలో పెట్టుకోకండి. మధ్యలో అరవై కిలోమీటర్లే కదా, ఆర్టీసీ నాన్‌స్టాప్ ఎక్కితే గంటన్నర, సాయంత్రం కార్యక్రమాలు చూసుకుని రాత్రికి బీచ్ పక్కన హోటల్‌కి వచ్చేయొచ్చు అనే అందరికీ తోస్తుంది. మాకూ చాలామంది అలాగే చెప్పారు. కానీ విజయనగరంలో కచేరీ అయినా, హరికథ అయినా రాత్రి తొమ్మిది దాటాకే పాకాన పడుతుంది. విశాఖ బస్సు పట్టుకోవాలని వాచీ చూసుకునేవాళ్లు సరిగ్గా అప్పుడే లేచి వెళ్లిపోతుంటారు. వాళ్లని చూస్తే జాలేసింది.

మేం వెళ్లింది దసరా తర్వాత. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం, అంటే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే వేడుక. అంతకుముందు రోజు రాత్రి తొలేళ్లు అనే వేడుక. ఆ రోజుల్లోనే జిల్లా యంత్రాంగం విజయనగరం ఉత్సవాలు కూడా పెడుతుంది కాబట్టి ఊరంతా వేదికలే. ఆనందగజపతి ఆడిటోరియంలో ఒకటి, గురజాడ కళాభారతిలో ఒకటి, అయోధ్య మైదానంలో ఒకటి... ఇవి కాక గుళ్ల దగ్గర, వీధి మలుపుల్లో ఎవరి పందిరి వాళ్లది. నాతో మా వారు, మా అత్తగారు. అత్తగారు చిన్నప్పుడు వీణ నేర్చుకున్నారు. మోకాళ్ల నొప్పులు. ఈ రెండూ ఎందుకు చెబుతున్నానంటే మా ప్రయాణంలో ప్రతి నిర్ణయం ఈ రెండిటి మధ్యే నడిచింది. పాట బావుండాలి, మెట్లు తక్కువుండాలి.

సికింద్రాబాద్ నుంచి భువనేశ్వర్, హౌరా వైపు వెళ్లే రైళ్లు చాలా విజయనగరంలో ఆగుతాయి. విశాఖ ఎక్స్‌ప్రెస్, కోణార్క్, ఫలక్‌నుమా, ఏది దొరికితే అది. పండగ రోజులకి వెయిటింగ్ లిస్టు భారీగా ఉంటుంది, బుకింగ్ తెరిచిన రోజే చేసుకోవాలి. స్టేషన్ దగ్గరే అమ్మవారి వనంగుడి ఉంది. దిగగానే దణ్ణం పెట్టుకుని ఊళ్లోకి వెళ్లొచ్చు.

ఇక గదుల సంగతి. ఊళ్లో ఉన్నవి చాలావరకు మామూలు లాడ్జీలే. ఓ మాదిరి ఏసీ హోటళ్లు కొన్ని ఉన్నాయి. మేం మొదట దిగిన లాడ్జీ ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు. ఫోన్‌లో చెప్పిన అద్దె ఒకటి, కౌంటర్ దగ్గర అడిగింది ఇంకొకటి. "పండగ కదమ్మా" అన్నాడు కుర్రాడు. సరేలే అని ఎక్కితే వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు వరకేనట. రాత్రి పన్నెండింటికి కార్యక్రమం చూసి వచ్చి ఆరింటికి ఎవరు లేస్తారు? మర్నాడే కోట వైపున్న ఒక చిన్న హోటల్‌కి మారాం. గది ఇరుకు, కిటికీ తీస్తే ఎదుటి గోడ. అయినా లిఫ్ట్ ఉంది, వేదికలన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. పండగ రోజుల్లో ఈ ఊళ్లో గదికి విలువ కట్టేది పరుపుని బట్టి కాదు, ఊళ్లోని అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల జంక్షన్‌కి ఎంత దూరమో దాన్ని బట్టి. సిరిమాను రోజు ఆటో దొరుకుతుందా అని ఒక ఆటో అతన్ని అడిగితే, "ఆటో ఏటమ్మా, ఆరోజు మనుషులే ఎల్లలేరు" అని నవ్వేశాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొదటి రాత్రి అందరూ వెళుతున్నారని మేమూ పెద్ద వేదికకే వెళ్లాం. సినిమా గాయకులు వస్తారని పేపర్లో వేశారు. ముందు వరసలన్నీ పాసులవాళ్లకి. వెనక నిలబడ్డవాళ్లకి వేదిక మీది మనిషి అగ్గిపుల్లంత. తెర మీద చూడాల్సిందే. సౌండ్ అయితే చెప్పక్కర్లేదు, పాట మాట అటుంచి బేస్ గుండెల్లో కొట్టింది. పెద్దల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి గంట పైనే పట్టింది. కుర్రాళ్లు మాత్రం ఫోన్ లైట్లు ఊపుకుంటూ హాయిగా ఉన్నారు. వాళ్ల సరదా వాళ్లది, కాదనను. కానీ అది చూడ్డానికి ఇంత దూరం రానక్కర్లేదు, హైదరాబాద్‌లో నెలకోటి ఉంటుంది. అత్తగారు పాట మొదలైన పావుగంటకే "అమ్మాయ్, ఇంక పద" అన్నారు.

రెండో సాయంత్రం నుంచి మా పద్ధతి మార్చాం. పేపర్లో జిల్లా పేజీ తీసి, చివర చిన్న అక్షరాల్లో వేసే 'నేడు' కార్యక్రమాలు చూసుకుని, ఫొటోలు లేనివాటికి వెళ్లడం మొదలుపెట్టాం. అదృష్టం అక్కడే దొరికింది.

ఒక గుడి పందిట్లో హరికథ. ప్లాస్టిక్ కుర్చీలు ఓ యాభై, సగం ఖాళీ. కథ చెప్పే దాసుగారికి అరవై దాటి ఉంటాయి. పట్టు పంచె, మెడలో దండ, కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు. పక్కన వయొలిన్, మృదంగం, హార్మోనియం. మేం కాస్త ముందే వెళ్లాం కాబట్టి మృదంగం అతను సిద్ధం చేసుకోవడం దగ్గరగా చూశాం. స్టీలు డబ్బాలోంచి తడిపిన రవ్వ ముద్ద తీసి ఎడమ వైపు తొప్పి మధ్యలో అద్దాడు. వాయించి విన్నాడు, వేలితో కొంచెం గీకేశాడు, మళ్లీ విన్నాడు. ఆ తర్వాత కుడివైపు అంచు మీద చిన్న రాయి, సుత్తి పెట్టి టక్ టక్ అని కొడుతూ శ్రుతికి తెచ్చాడు. అప్పుడే మైకు 'కుయ్' మంది. ఆయన తలెత్తి మైకు కుర్రాడి వైపు చూసిన చూపుకి ముందు వరస అంతా నవ్వేశారు.

కథ రుక్మిణీ కల్యాణం. "శ్రీమద్రమారమణ గోవిందో హరి" అని దాసుగారు అనగానే కుర్చీల్లోంచి "గోవింద" వచ్చింది. అదేదో మొక్కుబడిగా కాదు, నిజంగా గొంతెత్తి. పద్యం, కీర్తన, వచనం, మధ్యలో ఒక పిట్టకథ. ఆ పిట్టకథలో సెల్‌ఫోన్ పట్టుకుని పెళ్లి చూసే పెళ్లికొడుకు వచ్చాడు, కరెంటు బిల్లు వచ్చింది, అక్కణ్ణుంచి మెల్లగా మళ్లీ విదర్భకి. చిడతలు ఒక నడకలో, గజ్జెలు మరో నడకలో పోతుంటే నా పక్కన కూర్చున్న పెద్దాయన తొడ మీద తాళం వేస్తూ లెక్క తప్పలేదు. విరామంలో ఆయనే చెప్పారు, ఇక్కడ హరికథ అంటే జనం ఊరికే పొగడరని. ఎందుకు పొగుడుతారు? హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు నడిచిన ఊరు ఇది. కాళ్లు, చేతులు, తల, అన్నిటితో ఒకేసారి అయిదు తాళాలు చూపించి పంచముఖి అనిపించుకున్న మనిషిని తాతలు చూశారు, మనవలకి చెప్పారు. ఆ కొలబద్ద ఇంకా ఊళ్లో ఉంది. పదిన్నరకి కథ పూర్తయింది, కల్యాణం అక్షింతలు మా మీద కూడా వేశారు. టికెట్ లేదు. హారతి పళ్లెంలో ఎవరికి తోచింది వాళ్లు.

ఆ మర్నాడు పొద్దున్నే కోట దగ్గరున్న సంగీత కళాశాల చూడ్డానికి వెళ్లాం. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు పెట్టిన కాలేజీ. మొదటి ప్రిన్సిపాల్ నారాయణదాసే. ద్వారం వెంకటస్వామి నాయుడు ఇక్కడ విద్యార్థిగా చేరదామని వస్తే, వాయిద్యం విని నువ్వు నేర్చుకోవడమేంటని ఏకంగా వయొలిన్ పంతులుగా పెట్టుకున్నారని చెప్పుకుంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. వారాలు చేసుకుంటూ, మధుకరం (ఇంటింటా అన్నం అడుక్కోవడం) ఎత్తుకుంటూ ఘంటసాల చదివింది ఇక్కడే. సుశీల పాట నేర్చుకున్నదీ ఇక్కడే. ఇంత చరిత్ర ఉన్న చోట మ్యూజియం లాంటిది ఏదో ఊహించుకుని వెళ్లకండి. అది మామూలుగా నడుస్తున్న కాలేజీ. వరండాలో నిలబడితే ఒక గదిలోంచి సరళీ స్వరాలు, పక్క గదిలోంచి జతులు వినిపిస్తాయి. అత్తగారు ఒక కిటికీ దగ్గర ఆగిపోయి పిల్లలతో పాటు తనూ గొంతులో గొంతు కలిపారు. లోపలికి వెళ్లాలంటే ఆఫీసులో ఒక మాట అడిగి వెళ్లడం మర్యాద. క్లాసు నడుస్తుండగా సెల్ఫీలు తీసుకునేవాళ్లని కూడా చూశాం, ఏం చెబుతాం.

కచేరీ ఒకటి చిన్న హాల్లో విన్నాం. గాయని చిన్న వయసు అమ్మాయి. మొదట్లో పాడిన వర్ణం కాస్త తడబడ్డా, తర్వాత కల్యాణి రాగంలోకి వెళ్లాక నిలదొక్కుకుంది. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొదలవగానే కాఫీకి లేచే అలవాటు నగరాల సభల్లో చూస్తుంటాం. ఇక్కడ ఎవరూ లేవలేదు. హాల్లో ఫ్యాన్లు సగమే తిరిగాయి. బాత్‌రూమ్‌కి మెట్లు దిగి హాలు వెనక్కి వెళ్లాలి, అక్కడ లైటు లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే ఒకసారి చూసుకోండి. ఇంత పండగ చేసే ఊరు ఈ ఒక్క ఏర్పాటు చూసుకోలేదా అని కోపం వచ్చింది.

తొలేళ్ల రాత్రి సంగతి వేరు. ఆ రోజు హాలు వెతుక్కోనక్కర్లేదు, రోడ్డే వేదిక. మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి చదురుగుడికి వెళ్లే దార్లన్నీ కిటకిటలాడాయి. పులివేషాలు, సాముగరిడీలు, కోలాటం, డప్పులు ఒకదాని వెనక ఒకటి. మేం ఎక్కువసేపు నిలబడిపోయింది తప్పెటగుళ్ల జట్టు దగ్గర. గుండ్రటి రేకు వాయిద్యాన్ని గుండె మీదికి కట్టుకుని, రెండు చేతులతో దాని మీద కొడుతూ, గజ్జెల కాళ్లతో గుండ్రంగా తిరుగుతారు. పాట నడకలో మొదలై పరుగులోకి వెళుతుంది. చెమటకి రంగుల జాకెట్లు ఒంటికి అంటుకుపోయాయి. చివర్లో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడ్డారు. పైన ఉన్న కుర్రాడు అక్కడ కూడా దరువు ఆపలేదు. దీన్నే అంతకుముందు ఒక వేదిక మీద అయిదు నిమిషాల ఐటమ్‌గా చూశాం. యాంకర్ "ఒక్కసారి గట్టిగా చప్పట్లు" అంటుంటే వాళ్లు బెదిరిపోయినట్టు ఆడారు. రోడ్డు మీద అదే కళ, బహుశా అలాంటి ఊరి మనుషులే, కానీ పోలికే లేదు. ఎవరైనా ఒకటే చూడగలిగితే తొలేళ్ల రాత్రి చూడండి, సిరిమాను కన్నా ముందు దీనికే నా ఓటు.

సిరిమాను గురించి అందరూ రాస్తారు, నేను రెండు ముక్కల్లో చెబుతాను. పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుంటారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. జనం అరటిపళ్లు విసురుతారు, తల మీద ఒకటి పడితే ప్రసాదమే అనుకోవాలి. మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరితే చోటు దొరకదు, పదకొండింటికల్లా నీడ చూసుకుని నిలబడాలి. మా అత్తగారితో అది కుదరదని, తెలిసినవాళ్ల మేడ మీంచి చూశాం. కనబడింది కొంతే.

తిండికి ఇబ్బంది లేదు. టిఫిన్లకి పెద్ద పేరున్న చోటు వెతకక్కర్లేదు, పొద్దున జనం నిలబడి తింటున్న బండి దగ్గర ఆగండి. సాయంత్రం వేదికల చుట్టూ మురీ మిక్చర్ బండ్లు. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, నిమ్మకాయ, కాస్త కారం వేసి కలిపి పేపర్ పొట్లంలో ఇస్తారు. హరికథకి అదే మా రాత్రి భోజనం. ఒక మెస్సులో ఆవపెట్టిన పనసపొట్టు కూర తిన్నాను, ఇప్పటికీ గుర్తొస్తోంది. పండగ రోజున మాత్రం భోజన హోటళ్లు రెండింటికే అయిపోయిందని బోర్డు తిప్పేస్తాయి.

పగలు ఖాళీగా ఉంటే గురజాడ ఇల్లు చూడండి. కన్యాశుల్కం నాటకం మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే, 1892లో. నాటకం మొదలయ్యే బొంకులదిబ్బ కూడా ఇక్కడిదే. అక్కడికి వెళ్లి గిరీశాన్ని వెతక్కండి, ట్రాఫిక్ తప్ప ఏమీ లేదు.

అత్తగారి కోసం ఒక పూట బొబ్బిలి వైపు కూడా వెళ్లాం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారు. ఒకే పనస దుంగని తొలిచి చేసే ఏకాండి వీణ వీళ్ల ప్రత్యేకత. చెక్కతో పాటు చెవి కూడా పెట్టి పని చేస్తున్నారు. వీణకి గుండ్రంగా ఉండే కుండ మీద వేలితో తట్టి విని, మళ్లీ కాస్త చెక్కుతున్నారు. బహుమతులుగా ఇచ్చే బుల్లి వీణలకే గిరాకీ ఎక్కువట. అత్తగారు పెద్ద వీణ ఒళ్లో పెట్టించుకుని మాయామాళవగౌళ మీటారు. కొంటారేమో అని మా వారు కాస్త టెన్షన్ పడ్డారు. బుల్లిదే కొన్నాం. పెద్దది కావాలంటే ఆర్డర్ ఇచ్చి ఆగాలి, రైల్లో తీసుకెళ్లే పెట్టె సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.

జనం, తోపులాట పడనివాళ్లు పండగ రోజులు మానేసి పుష్య బహుళ పంచమి ప్రాంతంలో వెళ్లండి. త్యాగరాజ ఆరాధన రోజులు అవి. గదులు తేలిగ్గా, తక్కువ అద్దెకి దొరుకుతాయి. తప్పెటగుళ్ల కోసం అయితే పండగకే వెళ్లాలి, దానికి వేరే దారి లేదు. గది మాత్రం దసరాకి నెల ముందే, అద్దె ఎంతో వాట్సాప్‌లో రాయించుకుని మరీ బుక్ చేసుకోండి.