జాగ్రత్త: ఆటోనగర్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ మార్పించుకునేవాళ్లు డబ్బులు కట్టే ముందు బండి కిందికి వంగి చూడండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే అటూ ఇటూ రాస్తే సర్దుకుని చదవండి. షాపు పేరు రాయను. రాస్తే కేసంటాడు. విజయవాడలో పెట్రోల్ బండ్ల సైలెన్సర్ పని అనగానే అందరూ వేలు చూపించే షాపే, మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నన్నూ అలాగే పంపారు, పంపినవాళ్లకో నమస్కారం.

బండి 2018 మోడల్, బీఎస్4 (అప్పటి పొగ కాలుష్య ప్రమాణం). చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పీ0420 అని వచ్చింది. కన్వర్టర్, అంటే పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా, సరిగా పనిచేయట్లేదని దానర్థం. "లోపలంతా పోయిందండీ, కొత్తది వెయ్యాలి. ఆక్సిజన్ సెన్సర్లు రెండూ కూడా మార్చెయ్యండి, లేకపోతే కొత్తది కూడా పాడవుద్ది" అన్నాడు షాపు ఓనరు. కన్వర్టర్ 18,500, సెన్సర్లు (కన్వర్టర్‌కి ముందొకటి, వెనకొకటి, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేవి) 7,000, లేబర్ 1,500. కంపెనీ సర్వీస్ సెంటర్ చెప్పిన రేటులో సగం కూడా లేదు. నా తెలివి చూసి నాకే ముద్దొచ్చింది. సాయంత్రానికి బండి రెడీ, లైటు ఆరిపోయింది.

డబ్బులు కొట్టాక పాత కన్వర్టర్ ఇమ్మన్నాను. దాంట్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. కొన్ని గ్రాములే, కానీ వాటికోసమే కదా ఈకో వ్యాన్ల కింద దూరి సైలెన్సర్లు కోసుకుపోతున్నారు. "ముక్కలైపోయిందండీ, పారేశాం" అన్నాడు. పోనీ ఆ ముక్కలే చూపించమన్నాను. ఓనరు కుర్చీలోంచి కదలకుండానే, "ఏం, షోకేసులో పెట్టుకుంటారా?" అన్నాడు. కుర్రాళ్లందరూ పగలబడి నవ్వారు. "నమ్మకం లేనోళ్లు షోరూంకి పోవాలండీ" అని పైనుంచి ఇంకోటి. అక్కడే కడిగెయ్యాల్సింది. నేనేమో నేనూ ఓ వెర్రి నవ్వు నవ్వి, తాళాలు తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఘాటు వాసన, కళ్ల మంట. పొల్యూషన్ చెక్ చేయిస్తే ఫెయిల్. బీఎస్4 పెట్రోల్ బండికి ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు, నాది ఎక్కడో ఉంది. గొట్టం పైపులో సరిగ్గా పెట్టి చూసే పొల్యూషన్ వాడు నాకు ఆరోజే తగలాలా! తగిలాడు కాబట్టే ఇదంతా బయటపడిందనుకోండి.

ఎనికేపాడులో మా బావమరిదికి తెలిసిన మెకానిక్ ఉంటే తీసుకెళ్లాను. బండి పైకి లేపాడో లేదో, "ఇదేంటి సార్, సెన్సర్‌కి ఎత్తుపీట వేశారు?" అన్నాడు. కన్వర్టర్ వెనకుండే సెన్సర్‌ని నేరుగా పైపులో బిగించకుండా, మధ్యలో ఒక స్పేసర్ పెట్టారు. సంగతేంటంటే, కన్వర్టర్ ముందుండే సెన్సర్ వోల్టేజీ 0.1 నుంచి 0.9 దాకా ఊగుతూ ఉంటుంది. కన్వర్టర్ బాగుంటే వెనక సెన్సర్ 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటుంది. కన్వర్టర్ పోతే వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంది, అప్పుడు లైటు వెలుగుతుంది. స్పేసర్ పెడితే సెన్సర్ కొన పొగ దారిలోంచి పక్కకి జరుగుతుంది, ఆ ఊగడం దానికి సరిగా అందదు. బండి కంప్యూటర్ అంతా బాగుందనుకుంటుంది. నేనూ అదే అనుకున్నాను.

సెన్సర్ తీసి ఆ కన్నంలోంచి చిన్న కెమెరా పెట్టి చూపించాడు. సన్న సన్న అరలతో, ఆ ప్లాటినం లోహాల పూతతో సిరామిక్ దిమ్మ ఉండాల్సిన చోట ఉత్త రేకు గోడలు. కొత్తవన్న సెన్సర్లలో ముందుది నా పాతదే, వైర్ బ్రష్‌తో రుద్ది పెట్టారు, దాని మీద స్పానర్ గాట్లు అలాగే ఉన్నాయి. వెనకదానికి పేరూ లేదు, ఊరూ లేదు, వైర్లు కోసి టేపు చుట్టారు.

ఇంకా అయిపోలేదు. కన్వర్టర్ డబ్బా అడుగున ఒక సొట్ట ఉంది. అది నేను మా కాలనీ స్పీడ్ బ్రేకర్ మీద ఎప్పుడో కొట్టిన సొట్ట! పైన సిల్వర్ పెయింట్. అంటే వాడు కొత్తది వెయ్యనే లేదు. నా డబ్బానే కోసి, లోపలి సరుకు తీసి అమ్ముకుని, మళ్లీ వెల్డింగ్ పెట్టి, రంగేసి, నాకే 18,500కి అమ్మాడు. పారేశామన్నది నా బండి కిందే వేలాడుతోంది. అసలు మొదట్లో ఏం పోయిందని మెకానిక్‌ని అడిగితే, పైపులో లీకున్నా, వెనక సెన్సర్ ఒక్కటి పోయినా ఆ కోడ్ రావచ్చన్నాడు. "ఇప్పుడేం చెప్పను సార్, చూద్దామంటే లోపల సరుకే లేదు."

ఫోటోలు పట్టుకుని షాపుకెళ్లాను. కొత్తదానికి నా పాత సొట్ట ఎలా వచ్చిందయ్యా అని అడిగాను. తడుముకోలేదండీ వాడు. "మీరు రోజూ వెళ్లే దారి అదే, స్పీడ్ బ్రేకరూ అదే. సొట్టా అక్కడే పడుద్ది" అన్నాడు! మరి రంగు సొట్ట లోపలికి కూడా ఎలా పడింది అంటే, బిల్లు చూపించమన్నాడు. బిల్లంటే ఏంటి, "క్యాట్ + సెన్సర్ 27,000" అని వాడే పెన్నుతో గీకిన తెల్ల చీటీ. షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. "ఇది మా రాత కాదండీ" అన్నాడు, నా మొహంలోకే చూస్తూ.

వెళ్లేవాళ్లకి చెప్పేది ఇదే: విప్పకముందే పాతదాన్ని అన్ని వైపులా ఫోటో తీసుకోండి, ఎక్కడో చోట గీత గీయండి. పార్ట్ నంబరుతో జీఎస్టీ బిల్లు ఇస్తేనే పని మొదలుపెట్టనివ్వండి. కన్వర్టర్ మార్చాలని ఎవడన్నా అంటే ముందు లీకులు చూడమనండి. అయ్యాక ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి స్కానర్‌లో వెనక సెన్సర్ రీడింగ్ చూడండి, కిందికి వంగి స్పేసర్ ఉందేమో కూడా చూడండి. లైటు ఆరిందని మాత్రం మురిసిపోకండి.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెడుతున్నాను, ఆ చీటీ ఎంతవరకు నిలబడుతుందో చూడాలి. ఈలోగా గుంటూరు, ఏలూరు వైపు ఒరిజినల్ కన్వర్టర్ బిల్లుతో సహా వేసే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మీరు స్వయంగా వేయించుకున్న చోటైతేనే.