మూడు ముక్కలు, ఎదురుగా డీలర్

ఇంటర్ రెండో సంవత్సరం గణితంలో సంభావ్యత పాఠం రాగానే పేక ముక్కల లెక్కలు మొదలవుతాయి. పేక ఎన్నడూ ముట్టుకోని పిల్లలకు ఆటీను ఏదో, కళావరు ఏదో చెప్పడానికే బోలెడు సమయం పోతుంది. ఆ పాఠం చెప్పేవాడిగా, డబ్బుతో పని లేకుండా ముక్కలు కళ్లముందు పంచి చూపించే ఆట కోసం వెతికాను. త్రీ కార్డ్ పోకర్‌ను సులువు చేసి తయారుచేసిన ఒక ఉచిత ఆట దొరికింది. ఖాతా తెరవనక్కర్లేదు, ఫోన్ నంబరు అడగదు, ఉత్తుత్తి చిప్పులు తప్ప పైసా పోయేది లేదు. నేను మొదట చూసుకున్నది ఇదే. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఆ చట్టాలు లేకపోయినా పిల్లలకు డబ్బు పందెం చూపించను.

త్రీ కార్డ్ పోకర్‌ను 1994లో ఇంగ్లండుకు చెందిన డెరెక్ వెబ్ రూపొందించాడు. మన మూడు ముక్కలాటకు దగ్గరి చుట్టమే కానీ, ఇక్కడ నలుగురైదుగురు కూర్చుని ఒకరినొకరు బెదిరించుకోవడం ఉండదు. మీరు, ముక్కలు పంచే డీలర్, అంతే. మొదటి పందెం కాస్తారు. మీకు మూడు ముక్కలు, డీలర్‌కు మూడు బోర్లా పడతాయి. మీవి చూసుకుని పడేస్తే మొదటి పందెం పోతుంది. ఉంటానంటే మరో అంతే పందెం పెట్టాలి. ఆ తర్వాత డీలర్ ముక్కలు తెరుచుకుంటాయి. అందులో కనీసం రాణి అయినా లేకపోతే, జత వంటిదేదీ పడకపోతే, డీలర్ ఆటలోకి రానట్టే. మీకు మొదటి పందెం మీద గెలుపు, రెండోది వెనక్కి.

ఈ ఆటలో నాకు బాగా నచ్చింది చేతుల వరుస, అంటే ఏ మూడు ముక్కలు వేటికంటే పైన అన్నది. మన వైపు మూడూ ఒకే అంకె పడితే దానికి మించింది లేదు. ఇక్కడ ఒకే రంగులో (మూడూ ఆటీనే, లేదా మూడూ కళావరే, అలా) పడ్డ సీక్వెన్స్, అంటే వరుస అంకెలు, దానికంటే పైన ఉంటుంది. ఎందుకో పిల్లలే లెక్క కట్టగలరు. 52 ముక్కల్లో మూడింటిని 22,100 రకాలుగా తీయవచ్చు. వాటిలో ఒకే రంగు సీక్వెన్సులు 48, మూడూ ఒకే అంకె వచ్చేవి 52. అరుదైనది పైన. అలాగే మామూలు సీక్వెన్సులు 720, వరుస లేని ఒకే రంగు చేతులు 1,096. అందుకే సీక్వెన్స్ ఒకే రంగు చేతిని కొడుతుంది. ఒక సమితి ఎందుకు పెద్దదో, ఎందుకు చిన్నదో బోర్డు మీద అరగంట చెప్పేదాన్ని ఈ వరుస ఒక్క చూపులో పట్టిస్తుంది.

రెండో మంచి సంగతి: మనం ముక్కలు పడేశాక కూడా ఈ ఆట డీలర్ చేయి తెరిచి చూపిస్తుంది. ఒకసారి నాకు ఇస్పేటు రాణి, కళావరు ఆరు, ఆటీను మూడు పడ్డాయి. పడేశాను. తెరిస్తే డీలర్ దగ్గర జాకీ, తొమ్మిది, నాలుగు. ఉండి ఉంటే గెలిచేవాడినే! అయినా పడేయడమే సరైన పని. డీలర్ ఆటలోకి రాని అవకాశం నూటికి 30 చొప్పున ఉంటుంది. పనికిరాని చేతితో వందసార్లు ఉంటే, దాదాపు 30 సార్లు ఒక్కో చిప్పు వస్తుంది, 70 సార్లు రెండేసి పోతాయి. నికరంగా 110 పోయినట్టు. ప్రతిసారీ పడేస్తే పోయేది వందే. రాణి–ఆరు–నాలుగు దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. దానితో సమానంగా గానీ మించి గానీ ఉంటే ఉండాలి, ఒక్క మెట్టు తగ్గినా పడేయాలి. నా చేతిలో నాలుగుకు బదులు మూడు ఉంది, అంతే తేడా. గెలిచామా ఓడామా అన్నదాన్ని బట్టి నిర్ణయం మంచిదా చెడ్డదా అని తేల్చకూడదని పిల్లలకు ఇంత సూటిగా చూపించే సాధనం నాకు మరొకటి దొరకలేదు.

ఇక అసలు ఫిర్యాదు. ఆటను సులువు చేయడానికి రెండు తీసేశారు. జత మీద విడిగా కాసే పందెం ఒకటి. అది పోవడమే మేలు. రెండోది బోనస్. అసలు ఆటలో డీలర్ చేయి ఎలా ఉన్నా, సీక్వెన్స్‌కు ఒకటి, మూడూ ఒకే అంకెకు నాలుగు, ఒకే రంగు సీక్వెన్స్‌కు ఐదు అదనంగా ఇస్తారు. ఇది అలంకారం కాదు. 720, నాలుగు 52లు, ఐదు 48లు కలిపితే 1,168. దాన్ని 22,100తో భాగిస్తే సగటున మొదటి పందెంలో 5.29 శాతం. బోనస్ ఉన్న ఆటలో సరిగ్గా ఆడేవాడు వంద మొదటి పందేలకు సగటున 3.37 పోగొట్టుకుంటాడు. బోనస్ తీసేస్తే అది 8.66 అవుతుంది. తెర మీద ఒక పట్టిక తగ్గింది, డీలర్ వాటా రెండున్నర రెట్లు పెరిగింది. నియమాలు తగ్గిస్తే ఆట తేలికవుతుందని నమ్మే పిల్లవాడికి ఈ సంగతి ఎక్కడా రాసి లేదు. డబ్బు లేని ఆటే కాబట్టి పోయేదేమీ లేదని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నేర్పడానికి పెట్టిన ఆటలో లెక్క సరిగా ఉండాలి.

చిన్న లోపాలు: ఫలితం చదివేలోపే మాయమవుతుంది, ఆడిన చేతుల చిట్టా ఉండదు, తెలుగు లేదు. పాత ఫోన్లలో కూడా ఆగకుండా నడుస్తుంది, కాబట్టి వీటిని సర్దుకోవచ్చు.

గణితం చెప్పేవాళ్లు తప్పక వాడి చూడండి. తరగతిలో మాత్రం పక్కన ఒక కాగితం పెట్టించండి. సీక్వెన్స్ పడినప్పుడు ఒకటి, మూడూ ఒకే అంకె పడితే నాలుగు, ఒకే రంగు సీక్వెన్స్‌కు ఐదు చొప్పున పిల్లలే రాసుకుని, చివర్లో తెర మీది చిప్పులకు కలుపుకోవాలి.